ఒకే యాంప్లిఫయర్‌తో కార్లో డోర్ స్పీకర్లు, సబ్‌వూఫర్: ఓమ్‌ల లెక్క, ఫ్యూజ్ జాగ్రత్త

రాజమండ్రిలో నికాహ్‌కో, కాకినాడలో వలీమాకో ఇంటిల్లిపాదీ కార్లో బయల్దేరితే పాటో, ఖవ్వాలీయో ఏదో ఒకటి మోగాల్సిందే. కంపెనీ ఇచ్చిన స్పీకర్లలో మాట బాగానే వినిపిస్తుంది. తబలా, డోలక్ దెబ్బ మాత్రం పలచగా ఉంటుంది. దాంతో కోరుకొండ, గోకవరం, సీతానగరం వైపు కుర్రాళ్లు కూడా సబ్‌వూఫర్ పెట్టించుకోవాలనుకుంటారు. అక్కడే మొదటి సందేహం వస్తుంది. డోర్ స్పీకర్లకు ఒక యాంప్లిఫయర్, సబ్‌వూఫర్‌కు ఇంకో యాంప్లిఫయర్ కొనాలా? ఒకటే చాలదా?

చాలు. నాలుగు చానళ్ల యాంప్లిఫయర్ ఒక్కటి ఉంటే ముందు డోర్లలోని రెండు స్పీకర్లను, డిక్కీలోని సబ్‌వూఫర్‌ను అదే నడిపిస్తుంది. మామూలు కుటుంబ కారుకు అంతకుమించి అవసరం లేదు. అయితే రెండు చోట్ల లెక్క తప్పకూడదు. ఓమ్‌ల లెక్క తప్పితే యాంప్లిఫయర్ కాలిపోతుంది, పోయేది డబ్బు. ఫ్యూజ్ లెక్క తప్పితే కారే అంటుకోవచ్చు. వెనక సీట్లో పిల్లలు, పెద్దవాళ్లు కూర్చునే బండి కాబట్టి ఈ రెండో లెక్క ఇంట్లో అందరికీ తెలిసుండాలి. పని మీరే చేసుకున్నా, షాపులో చేయించుకున్నా కింద చెప్పిన విషయాలు పనికొస్తాయి.

ఓమ్ అంటే ఏమిటి?

ప్రతి స్పీకర్ వెనక 4 ఓమ్‌లు అనో, 2 ఓమ్‌లు అనో రాసి ఉంటుంది. కరెంటు పారకుండా ఆ స్పీకర్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత అది. ఓమ్‌లు తగ్గితే అడ్డు తగ్గుతుంది, కరెంటు ఎక్కువ పారుతుంది. చేనుకి ఒక తూము బదులు రెండు తూములు తెరిస్తే నీళ్లు రెట్టింపు పారతాయి, కానీ కాలువ గట్టు తట్టుకోవాలి కదా. ఇక్కడ గట్టు అంటే యాంప్లిఫయరే.

రెండు స్పీకర్లను కలిపే పద్ధతులు రెండు. ప్లస్‌ను ప్లస్‌తో, మైనస్‌ను మైనస్‌తో కలిపితే అది ప్యారలల్. రెండు 4 ఓమ్‌ల స్పీకర్లు ఇలా కలిస్తే 2 ఓమ్‌లు అవుతాయి. ఒకదాని మైనస్‌ను రెండోదాని ప్లస్‌కు కలిపి, మిగిలిన రెండు చివర్లను యాంప్లిఫయర్‌కు ఇస్తే అది సిరీస్. అప్పుడు 4, 4 కలిసి 8 ఓమ్‌లు అవుతాయి.

నాలుగు చానళ్ల యాంప్లిఫయర్లలో చాలావాటి మీద రెండు హద్దులు రాసి ఉంటాయి. విడి చానల్‌కు కనీసం 2 ఓమ్‌లు, రెండు చానళ్లు కలిపి బ్రిడ్జ్ చేస్తే కనీసం 4 ఓమ్‌లు. ఈ తేడా ఎందుకంటే, బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక స్పీకర్‌ను రెండు చానళ్లు చెరో పక్క నుంచి నెడతాయి. అందువల్ల ప్రతి చానల్‌కూ ఆ స్పీకర్ ఓమ్‌లలో సగమే కనిపిస్తుంది. 4 ఓమ్‌ల సబ్‌వూఫర్ బ్రిడ్జ్‌లో పెడితే ఒక్కో చానల్ మీద పడే భారం 2 ఓమ్‌లు, అది హద్దులోనే ఉంది. 2 ఓమ్‌ల సబ్‌వూఫర్ పెడితే ఒక్కో చానల్ 1 ఓమ్ మోయాలి. యాంప్లిఫయర్ వేడెక్కి ప్రొటెక్ట్ లైట్ వెలిగి ఆగిపోతుంది, లేదంటే లోపలి ట్రాన్సిస్టర్లు పోతాయి.

సబ్‌వూఫర్ కొనేటప్పుడు దానికి ఒక కాయిల్ ఉందా, రెండున్నాయా అని అడగాలి. రెండు కాయిళ్ల సబ్‌వూఫర్‌లో ఒక్కోటి 2 ఓమ్‌లు అయితే సిరీస్‌లో కలిపి 4 చేసుకోవచ్చు, మన పనికి అది సరిగ్గా సరిపోతుంది. ఒక్కోటి 4 ఓమ్‌లు అయితే ప్యారలల్‌లో 2, సిరీస్‌లో 8 అవుతుంది. ప్యారలల్ చేస్తే మన యాంప్లిఫయర్‌కు ప్రమాదం. సిరీస్ చేస్తే ప్రమాదం లేదు గానీ మోత తగ్గుతుంది. అందుకే నాలుగు చానళ్ల యాంప్లిఫయర్‌కు ఒక కాయిల్ 4 ఓమ్‌లది గానీ, రెండు కాయిళ్లు 2 ఓమ్‌లవి గానీ తీసుకోండి. పాత సబ్‌వూఫర్ అయితే మల్టీమీటర్‌తో చూసుకోవచ్చు. 4 ఓమ్‌ల కాయిల్ మీటర్‌లో 3.2 నుంచి 3.8 వరకు చూపిస్తుంది, అది సహజమే.

కలిపే మూడు పద్ధతులు

మొదటిది, చాలా కుటుంబాలకు సరిపోయేది. చానల్ 1, 2లకు ముందు డోర్ల ఎడమ, కుడి స్పీకర్లు. చానల్ 3, 4 బ్రిడ్జ్ చేసి సబ్‌వూఫర్. వెనక డోర్ల స్పీకర్లు ఇప్పుడున్నట్టే స్టీరియో మీద నడుస్తాయి. వెనక కూర్చున్నవాళ్లకు వాటి మోత కాస్త తక్కువగా ఉన్నా ఇబ్బంది లేదు, నిద్రపోయే పిల్లలకైతే అదే మేలు. బ్రిడ్జ్ చేయడానికి ఏ రెండు స్క్రూలు వాడాలో యాంప్లిఫయర్ మీదే గీత గీసి చూపిస్తారు. చాలావాటిలో చానల్ 3 ప్లస్, చానల్ 4 మైనస్. ఊహించి బిగించొద్దు, ఆ గీతను చూసే బిగించాలి.

రెండోది, నాలుగు డోర్ల స్పీకర్లూ యాంప్లిఫయర్ మీదే నడవాలనుకుంటే. ఎడమ వైపు ముందు, వెనక స్పీకర్లను ప్యారలల్‌లో చానల్ 1కి, కుడివైపువి చానల్ 2కి ఇస్తారు. నాలుగూ 4 ఓమ్‌లవే అయితే ఒక్కో చానల్ మీద 2 ఓమ్‌ల భారం పడుతుంది. యాంప్లిఫయర్ మీద 2 ఓమ్‌లు అని స్పష్టంగా రాసి ఉంటేనే ఇది చేయాలి. వేడి పెరుగుతుంది, ముందు స్పీకర్లకు, వెనక స్పీకర్లకు మోత విడిగా మార్చుకునే వీలు పోతుంది. ఇంత తిప్పలు పడే బదులు ఐదు చానళ్ల యాంప్లిఫయర్ కొనుక్కోవడం నయం. అందులో నాలుగు డోర్లకు నాలుగు, సబ్‌వూఫర్‌కు విడిగా ఒకటి ఉంటాయి.

మూడోది పాత పద్ధతి. ఇంట్లో రెండు చానళ్ల యాంప్లిఫయర్ మాత్రమే ఉంటే, దానికే రెండు స్పీకర్లను స్టీరియోగా, సబ్‌వూఫర్‌ను బ్రిడ్జ్‌గా ఒకేసారి కలపడం. దీన్ని ట్రై మోడ్ అంటారు. యాంప్లిఫయర్ మీద ఆ సౌకర్యం ఉందని రాసి ఉండాలి. పైగా ప్రతి స్పీకర్‌కు వరుసలో ఒక నాన్ పోలార్ కెపాసిటర్, సబ్‌వూఫర్‌కు వరుసలో ఒక కాయిల్ పెట్టి తీరాలి. 4 ఓమ్‌ల దగ్గర 100 హెర్ట్జ్‌కు విడదీయాలంటే కెపాసిటర్ సుమారు 400 మైక్రోఫారడ్‌లు, కాయిల్ సుమారు 6.4 మిల్లీహెన్రీలు ఉండాలి. ఇవి లేకుండా నేరుగా కలిపితే అన్ని భారాలూ ఒకేసారి యాంప్లిఫయర్ మీద పడతాయి. కొత్తగా కొనేవాళ్లకు ఈ దారి అక్కర్లేదు.

వాట్ల లెక్క: పెట్టె మీద అంకెను నమ్మొద్దు

పెట్టె మీద పెద్ద అక్షరాలతో 1000 వాట్లు, 2000 వాట్లు అని ఉంటుంది. అది మాక్స్ లెక్క, రెప్పపాటు సేపు వచ్చే మోత. మనకు కావలసింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగిన శక్తి. పుస్తకంలో 4 ఓమ్‌ల దగ్గర, 14.4 వోల్టుల దగ్గర ఇంత అని రాసి ఉంటుంది. అది రాయని సరుకు కొనకపోవడమే మంచిది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. యాంప్లిఫయర్ ఒక్కో చానల్‌కు 60 వాట్లు, బ్రిడ్జ్ చేస్తే 180 వాట్లు. డోర్ స్పీకర్లు 50 వాట్లవి. సబ్‌వూఫర్ 10 అంగుళాలది, 200 వాట్లు, 4 ఓమ్‌లు. ఇవన్నీ ఆర్‌ఎంఎస్ అంకెలే. ఈ జోడీ చక్కగా కుదురుతుంది. డోర్ స్పీకర్లకు కాస్త శక్తి మిగులుతుంది, సబ్‌వూఫర్ తట్టుకోగలిగేదానికంటే యాంప్లిఫయర్ తక్కువే ఇస్తుంది. ఈ ఉదాహరణతోనే మిగతా లెక్కలూ చూద్దాం.

కరెంటు ఎంత? వైరు ఎంత లావు?

యాంప్లిఫయర్ ఇచ్చే మొత్తం శక్తి 60, 60, 180 కలిపి 300 వాట్లు. బ్యాటరీ నుంచి లాక్కునేది అంతకంటే ఎక్కువ, ఎందుకంటే కొంత వేడిగా పోతుంది. క్లాస్ డీ రకం తీసుకున్న శక్తిలో దాదాపు 80 శాతాన్ని మోతగా మారుస్తుంది. పాత క్లాస్ ఏబీ రకం 55 శాతం దాకా మారుస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే కార్లో వోల్టేజ్ సుమారు 13.8. కాబట్టి 300ను 0.8తో భాగించి, మళ్లీ 13.8తో భాగిస్తే క్లాస్ డీకి సుమారు 27 ఆంపియర్లు. అదే క్లాస్ ఏబీకి 300ను 0.55తో, తర్వాత 13.8తో భాగిస్తే సుమారు 40 ఆంపియర్లు. ఇంట్లో ఏసీ లాగే కరెంటుకు ఇది ఎన్నో రెట్లు.

బానెట్ కింది బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వైరు 5 మీటర్ల వరకు పడుతుంది. 40 ఆంపియర్లకు 8 గేజ్ రాగి వైరు సరిపోతుంది. మన షాపుల భాషలో అది సుమారు 8 స్క్వేర్ ఎంఎం. అంత దూరంలో 0.4 వోల్టు పోతుంది, ఫర్వాలేదు. ముందుముందు పెద్ద యాంప్లిఫయర్ పెట్టే ఆలోచన ఉంటే 4 గేజ్, అంటే సుమారు 21 స్క్వేర్ ఎంఎం వేసేయండి.

ఇక్కడ ఒక మోసం ఉంది. చవకగా దొరికే వైరింగ్ కిట్లలో చాలావాటిలో ఉండేది రాగి కాదు, పైన రాగి పూత పూసిన అల్యూమినియం. దీన్ని సీసీఏ అంటారు. ఒక పోగు తీసి బ్లేడుతో గీరండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. అల్యూమినియం వైరు అదే లావుకు తక్కువ కరెంటే మోస్తుంది, స్క్రూ కింద నలిగి వదులవుతుంది. రాగికి అయ్యే అదనపు ఖర్చు దండగ కాదు. ఎలాగూ సీసీఏనే వేయాల్సి వస్తే 8 గేజ్ బదులు 4 గేజ్ తీసుకోండి. పైన ప్లాస్టిక్ మందంగా, లోపల తీగ సన్నగా ఉన్న వైర్లూ వస్తాయి. కోసి చూసి కొనండి.

ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి

చాలామంది ఫ్యూజ్ యాంప్లిఫయర్‌ను కాపాడుతుందనుకుంటారు. యాంప్లిఫయర్‌లో దాని ఫ్యూజ్‌లు దానికే ఉంటాయి. బ్యాటరీ దగ్గర పెట్టే పెద్ద ఫ్యూజ్ పని వేరు. అది వైరును కాపాడుతుంది.

బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన వైరు ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న ఇనప రేకులోని రంధ్రం గుండా లోపలికి వస్తుంది. కారు బాడీ మొత్తం బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉంటుంది. గతుకుల్లో బండి అదిరినప్పుడల్లా ఆ రేకు అంచుకు వైరు రాసుకుంటూ ఉంటుంది. ఒకరోజు పై తొడుగు తెగి తీగ రేకుకు తగులుతుంది. కారు బ్యాటరీ ఆ క్షణంలో వందల ఆంపియర్లు వదులుతుంది. ఫ్యూజ్ ఉంటే అదే కరిగి కథ అక్కడితో ముగుస్తుంది. లేకపోతే వైరు ఎర్రగా కాలి, దాని మీది కార్పెట్, సీటు అంటుకుంటాయి. తాళం తీసేసినా ఆగదు, ఎందుకంటే ఆ వైరు నేరుగా బ్యాటరీకే ఉంటుంది. ఇంటి ముందు నిలిపిన కారులోనూ ఇది జరగొచ్చు.

కాబట్టి ఫ్యూజ్‌ను బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపే పెట్టాలి. ఎంత దగ్గరైతే అంత మంచిది. డిక్కీలో యాంప్లిఫయర్ పక్కన ఫ్యూజ్ పెట్టి సరిపెట్టేస్తే మధ్యలోని 5 మీటర్ల వైరుకు రక్షణ లేనట్టే. మన ఉదాహరణలో క్లాస్ డీకి 30 ఆంపియర్లు, క్లాస్ ఏబీకి 40 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. ఫ్యూజ్ పోతే అదే సైజుది మళ్లీ వేయాలి. మాటిమాటికీ పోతుంటే ఎక్కడో తప్పుందని అర్థం. 80 ఆంపియర్లది వేయడం, వెండి కాగితం చుట్టడం, తీగ ముక్క పెట్టడం చేస్తే ఫ్యూజ్ ఉన్నా లేనట్టే.

రేకులోని రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. బానెట్ కింది భాగమంతా వైరుకు ముడతల ప్లాస్టిక్ గొట్టం తొడిగించండి. సైలెన్సర్ పైపుకు, తిరిగే బెల్టులకు దూరంగా పోనివ్వాలి.

ఎర్త్ తీగ: రంగు గీరి బిగించాలి

యాంప్లిఫయర్ మైనస్ తీగ ప్లస్ తీగంత లావే ఉండాలి, 45 సెంటీమీటర్లకు మించకూడదు. డిక్కీ దగ్గర బాడీ రేకు మీద రంగు, ప్రైమర్ పూర్తిగా గీరి, ఇనుము మెరిసే చోట థింబుల్ పెట్టి బోల్టుతో బిగించాలి. తర్వాత పైన గ్రీజు రాయండి. గోదావరి పక్క గాలిలోని తేమకు గీరిన చోట తుప్పు త్వరగా పడుతుంది. తుప్పు పడితే ఎర్త్ బలహీనపడి మోత తెగుతుంది, యాంప్లిఫయర్ ఊరికే ఆగిపోతుంది.

సీటు బెల్టు బోల్టును ఎర్త్‌కు వాడొద్దు, అది ప్రాణాలు కాపాడే బోల్టు. కొత్త కార్లలో బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ ఉంటుంది. అలాంటి కారులో ఎర్త్ తీగను ఆ టెర్మినల్‌కు కాకుండా బాడీకే ఇవ్వాలి. కొత్త రంధ్రం వేయాల్సి వస్తే ముందు కారు కింద చూడండి. చాలా కార్లలో పెట్రోల్ ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది. ఒక్క స్క్రూ దిగితే చాలు. సీఎన్‌జీ కారైతే సిలిండర్, గ్యాస్ గొట్టం పక్కన డ్రిల్లింగ్ అసలే వద్దు.

స్టీరియో నుంచి సిగ్నల్

బయట కొన్న స్టీరియో వెనక ఆర్‌సీఏ పిన్నులు ఉంటాయి. రెండు జతల ఆర్‌సీఏ తీగలు వేసి ముందువి చానల్ 1, 2లకు, సబ్‌వూఫర్‌వి చానల్ 3, 4లకు ఇవ్వాలి. స్టీరియో వెనక నీలం రంగు మీద తెల్లచార ఉన్న సన్నని వైరు రిమోట్. స్టీరియో వేసినప్పుడు అందులో 12 వోల్టులు వచ్చి యాంప్లిఫయర్‌ను లేపుతాయి, ఆపగానే నిద్రపుచ్చుతాయి. దీన్ని నేరుగా బ్యాటరీకి కలిపేస్తే యాంప్లిఫయర్ రాత్రంతా మేల్కొనే ఉంటుంది, పొద్దున కారు స్టార్ట్ కాదు.

కంపెనీ టచ్ స్క్రీన్ స్టీరియోలలో చాలావాటికి ఆర్‌సీఏ ఉండదు. దాన్ని పీకేయక్కర్లేదు. హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్లిఫయర్ తీసుకుంటే స్పీకర్ తీగల నుంచే సిగ్నల్ తీసుకుంటుంది. కొన్నింటికి రిమోట్ తీగ కూడా అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. ఇలాంటి స్టీరియోలలో స్పీకర్ మైనస్ తీగ బాడీ ఎర్త్ కాదు. దాన్ని బాడీకి తగిలిస్తే స్టీరియో లోపలి ఐసీ పోతుంది. వారంటీలో ఉన్న కారైతే కంపెనీ తీగలు కోయకుండా, ఆ మోడల్‌కు సరిపోయే కప్లర్ అడిగి వేయించండి.

ఆర్‌సీఏ తీగలు కారు ఒక పక్క నుంచి, లావు ప్లస్ తీగ రెండో పక్క నుంచి వెళ్లాలి. రెండూ కలిపి వేస్తే ఇంజిన్ రేస్ చేసినప్పుడల్లా స్పీకర్లలో కూతలాంటి శబ్దం వస్తుంది. పసుపు రంగు కప్లర్లు, పసుపు తొడుగున్న తీగలు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, ముట్టుకోవద్దు. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు తీగలదీ అదే సంగతి.

బిగించే వరుస

1. బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి పక్కన పెట్టాలి. పని అంతా అయ్యేవరకు మళ్లీ తగిలించొద్దు.
2. ప్లస్ తీగ లాగాలి. ఫ్యూజ్ హోల్డర్ బిగించాలి గానీ ఫ్యూజ్ వేయొద్దు.
3. ఎర్త్ బిగించాలి.
4. ఆర్‌సీఏ, రిమోట్ తీగలు రెండో పక్క నుంచి లాగాలి.
5. డోర్ స్పీకర్లకు 16 గేజ్, సబ్‌వూఫర్‌కు 12 లేదా 14 గేజ్ తీగ వేయాలి. డోర్‌లోకి వెళ్లేటప్పుడు కంపెనీ రబ్బరు గొట్టం లోపలి నుంచే పోవాలి, లేకపోతే డోర్ వేసి తీసినప్పుడు నలిగిపోతుంది.
6. ప్లస్, మైనస్ సరిచూసుకోవాలి. స్పీకర్ తీగలకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు ఒక్క క్షణం తగిలిస్తే కోన్ బయటికి రావాలి. లోపలికి వెళ్తే తీగలు తారుమారయ్యాయన్నమాట. ఎడమ ఒకలా, కుడి ఒకలా ఉంటే బాస్ మాయమవుతుంది.
7. యాంప్లిఫయర్‌ను గాలి తగిలే చోట బిగించాలి. కార్పెట్ కింద, దుప్పట్ల కింద వద్దు. మన దగ్గర మే నెలలో మూసిన కారు లోపల ఎంత వేడో తెలిసిందే. నేలకు ఆనించినా కష్టమే, వానాకాలం నీళ్లు లోపలికి వస్తే ముందు మునిగేది అదే. సబ్‌వూఫర్ పెట్టె మీద బిగిస్తే అదురుకు స్క్రూలు వదులవుతాయి.
8. సబ్‌వూఫర్ పెట్టెను బెల్టుతో గానీ, క్లాంపులతో గానీ కదలకుండా కట్టాలి. గట్టి బ్రేకు పడితే అంత బరువు ముందుకు ఎగిరి వస్తుంది. మూడో వరుస సీట్లున్న బండిలో అక్కడ మనుషులు కూర్చుంటారు, పెద్ద పెట్టె అసలే వద్దు. సీటు కింద పట్టే పలచని రకం చూసుకోండి. అది సొంత యాంప్లిఫయర్‌తో వస్తే దానికీ ఫ్యూజ్ వేరే ఉండాలి.
9. అన్నీ ఒకసారి చూసుకుని, బ్యాటరీ మైనస్ తగిలించి, చివరగా ఫ్యూజ్ వేయాలి.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు

ఎక్కువ స్పీకర్లు కాలేది ఇక్కడే. గెయిన్ స్క్రూ అంటే స్టీరియో సిగ్నల్‌కు, యాంప్లిఫయర్‌కు పొత్తు కుదిర్చేది. దాన్ని చివరిదాకా తిప్పితే శబ్దం చీలిపోయి, ఆ వేడికి కాయిల్ మాడుతుంది. 500 రూపాయల మల్టీమీటర్‌తో సరిగ్గా పెట్టుకోవచ్చు.

స్టీరియోలో బాస్, ట్రెబుల్ సున్నా చేయండి. యాంప్లిఫయర్ మీద బాస్ బూస్ట్ సున్నా. ఫిల్టర్లు ఆపి ఉంచండి. గెయిన్ మొత్తం తగ్గించి, స్పీకర్ తీగలు విప్పి, ఇంజిన్ నడుస్తుండగా స్టీరియో వాల్యూమ్ నాలుగింట మూడొంతులు పెట్టండి. టెస్ట్ టోన్ ఫైలు వేయండి. సబ్‌వూఫర్‌కు 50 హెర్ట్జ్, డోర్లకు 400 హెర్ట్జ్. మీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి యాంప్లిఫయర్ స్పీకర్ స్క్రూల దగ్గర చూడాలి.

ఎంత రావాలంటే, వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయాలి. యాంప్లిఫయర్ వాట్లు, స్పీకర్ వాట్లలో ఏది తక్కువైతే అది తీసుకోవాలి. డోర్‌కు 50ని 4తో గుణిస్తే 200, దాని వర్గమూలం 14.1 వోల్టులు. సబ్‌వూఫర్‌కు 180ని 4తో గుణిస్తే 720, దాని వర్గమూలం 26.8 వోల్టులు. ఆ అంకె వచ్చేదాకా నెమ్మదిగా తిప్పి ఆపేయండి. ఇకపై స్టీరియో వాల్యూమ్ ఆ నాలుగింట మూడొంతులు దాటించొద్దు.

తర్వాత తీగలు బిగించి ఫిల్టర్లు పెట్టాలి. డోర్ చానళ్లకు హై పాస్ 80 హెర్ట్జ్, సబ్‌వూఫర్ చానళ్లకు లో పాస్ 80 హెర్ట్జ్. అంటే 80 కిందిది సబ్‌వూఫర్‌కు, పైది డోర్లకు. ఇలా చేస్తే చిన్న డోర్ స్పీకర్ల మీద బాస్ భారం తగ్గి మాట, స్వరం స్పష్టంగా వినిపిస్తాయి. చివరగా పాట విని, సబ్‌వూఫర్ ఎక్కువనిపిస్తే దాని గెయిన్ తగ్గించండి. పెంచొద్దు.

తేడా వస్తే ఎక్కడ చూడాలి?

యాంప్లిఫయర్ అసలు వెలగకపోతే ముందు ఫ్యూజ్, తర్వాత రిమోట్ తీగలో 12 వోల్టులు, ఆపైన ఎర్త్ చూడండి. ప్రొటెక్ట్ లైట్ వెలిగితే స్పీకర్ తీగలన్నీ విప్పి చూడండి. ఆరిపోతే తప్పు స్పీకర్ వైపు ఉంది, అంటే ఏదో తీగ రేకుకు తగిలింది, లేదా ఓమ్‌లు తక్కువయ్యాయి. ఆరకపోతే యాంప్లిఫయరే పోయింది. ఇంజిన్‌తో పాటు కూత వస్తే ఎర్త్, ఆర్‌సీఏ దారి చూడాలి. బాస్ దెబ్బ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మినుకుమంటే వైరు సన్నం, లేదా బ్యాటరీ బలహీనం. ప్లస్ తీగ గానీ ఫ్యూజ్ హోల్డర్ గానీ చేతికి వేడిగా తగిలితే ఆ రోజు పాట ఆపేసి, స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇంజిన్ ఆపి ఎక్కువసేపు వినొద్దు. చిన్న పెట్రోల్ కార్ల బ్యాటరీ చాలావరకు 35 ఆంపియర్ అవర్లది. సగటున 10 ఆంపియర్లు లాగినా రెండు గంటల్లోపే సగం ఖాళీ అవుతుంది. పెళ్లింటి ముందు కారు ఆపి పాటలు పెట్టినవాళ్లకు తిరుగు ప్రయాణంలో తోయాల్సి వచ్చేది అందుకే.

మోత ఎంత మేలు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినగలిగే సురక్షిత స్థాయి 80 డెసిబెల్స్, పిల్లలకు 75. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే సమయం సగం అవుతుంది. 90 దగ్గర వారానికి 4 గంటలే. 100 దగ్గర పావుగంట పైన కొద్ది నిమిషాలు. కోరుకొండ నుంచి రాజమండ్రి సుమారు 20 కిలోమీటర్లు. 100 డెసిబెల్స్‌తో బయల్దేరితే ఊళ్లోకి చేరేలోపే వారం కోటా అయిపోతుంది. సబ్‌వూఫర్ పక్కనే ఉండేది వెనక సీటు, అందులో ఉండేది పిల్లలు. వాల్యూమ్ పెట్టే చెయ్యి మాత్రం ముందు సీట్లో ఉంటుంది. వెనక నుంచి అంబులెన్స్ సైరన్, లారీ హారన్ వినిపించనంత మోత డ్రైవర్‌కూ ప్రమాదమే.

చట్టం కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట పగలు 50, రాత్రి 40. అద్దాలు దించి వీధిలో బాస్ మోగిస్తే గోడలు దాటి వెళ్లేది ఆ బాస్ శబ్దమే. పక్కింట్లో బాలింత ఉండొచ్చు, పరీక్షకు చదివే పిల్ల ఉండొచ్చు.

షాపులో అడగాల్సిన ఐదు మాటలు

పని బయట చేయిస్తే అక్కడే నిలబడి ఇవి అడగండి. సబ్‌వూఫర్ చివరికి ఎన్ని ఓమ్‌లు పడింది? వైరు రాగిదా, సీసీఏనా? ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉందా, ఎన్ని ఆంపియర్లు? ఇంజిన్ రేకు దగ్గర గ్రోమెట్ వేశారా? గెయిన్ మీటర్‌తో పెట్టారా, చెవితోనా? ఈ ఐదింటికీ వెంటనే జవాబు చెప్పే మెకానిక్ పని తెలిసినవాడు. బానెట్ ఎత్తి ఫ్యూజ్ మీరే కళ్లారా చూసి డబ్బులివ్వండి.

బిల్లు దాచండి. తర్వాత బిగించిన సామాను వివరం బీమా కంపెనీకి చెప్పి, అదనపు ప్రీమియం కట్టి పాలసీలో రాయిస్తేనే దొంగతనం, ప్రమాదం లాంటి వాటికి దాని విలువ లెక్కలోకి వస్తుంది. నెల తర్వాత ఒకసారి, ఆపైన ఆరు నెలలకోసారి టెర్మినల్ స్క్రూలు, ఎర్త్ బోల్టు, గ్రోమెట్ చూసుకుంటూ ఉండండి. అదురుకు స్క్రూలు వదులవుతాయి, బిగించడానికి పది నిమిషాలు చాలు.